కూర్చుంటే ముఖం మామూలుగానే ఉంది, మరి గ్రేడ్ 4 అని ఎందుకు రాశారు?

నేను ఫిజియోథెరపిస్టుని, ముఖ పక్షవాతం కేసులు తరచూ చూస్తుంటాను. మీ నాన్నగారికి బెల్స్ పాల్సీ (ముఖ నరం దెబ్బతిని ముఖం ఒకవైపు చచ్చుబడటం) అని, హౌస్-బ్రాక్‌మన్ గ్రేడ్ 4 అని రాశారన్నారు. ముఖం ఎంత బలహీనపడిందో చెప్పే స్కేలు అది. ఊరికే కూర్చున్నప్పుడు ముఖం బాగానే ఉంది కదా, గ్రేడ్ ఎక్కువ వేశారేమో అని మీ అనుమానం. లేదండి, గ్రేడ్ 4లో ముఖం అలాగే ఉంటుంది. తేడా అంతా ముఖం కదిపినప్పుడే బయటపడుతుంది. కదలకుండా ఉన్నా వంకర కనిపిస్తోందంటే అప్పుడు 5 అనుకోవాలి.

1985లో వచ్చిన ఈ స్కేలులో 1 అంటే మామూలు ముఖం, 6 అంటే కదలిక అసలు లేదని. 3కీ 4కీ తేడా ప్రధానంగా కన్ను దగ్గర తేలుతుంది. గట్టిగా ప్రయత్నిస్తే పూర్తిగా మూసుకుంటే 3, ఎంత బిగించినా సందు మిగిలితే 4. నేనైతే ముందు నిద్రపోతున్నట్టు మెల్లగా మూయమంటాను, తర్వాత బిగించమంటాను. ఆ సందులోంచి నల్లగుడ్డు పైకి వెళ్ళిపోయి తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు అది చూసి హడలిపోతారు. కళ్ళు మూస్తే చాలామందికి గుడ్డు అలాగే పైకి తిరుగుతుంది, రెప్ప కప్పేస్తుంది కాబట్టి మనకు తెలియదు, అంతే.

తర్వాత కనుబొమలు పైకెత్తమంటాను. మూతి వంకరపోయినా నుదుటి మీద రెండు వైపులా ముడతలు పడుతుంటే అది మెదడులో వచ్చిన స్ట్రోక్ కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఈ గ్రేడ్లతో ఒక చిక్కుంది. కొంచెం కొంచెంగా వచ్చే మెరుగుదల వాటిలో కనపడదు. అందుకే నేను ముఖ కదలికలను ఇంకా వివరంగా కొలిచే సన్నీబ్రూక్ స్కోరు కూడా రాస్తాను. 100కి వేస్తారు, ఐదు కదలికలకు విడివిడిగా మార్కులుంటాయి. నవ్వితే కన్ను దానంతటదే మూసుకుపోవడం లాంటివి ఉంటే మార్కులు తగ్గిస్తారు. గ్రేడ్ మారకుండానే ఇందులో పది పదిహేను మార్కులు పెరిగినవాళ్ళను చూశాను. ఇంట్లో మీరు వారానికోసారి ఒకే వెలుతురులో ఫోన్‌లో వీడియో తీసి పెట్టండి, నాకు అలాంటివి చాలా పనికొస్తాయి.

బబుల్‌గమ్ నమలమని అందరూ సలహా ఇస్తారు. నమిలే కండరాలకు వెళ్ళే నరమే వేరు, దానివల్ల ముఖ నరానికి ఒరిగేదేమీ లేదు.

స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలైతే మంచిది, ఇప్పటికే రాసుంటారు. గ్రేడ్ 4లో నాకు టెన్షన్ కంటి గురించే. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్ప పూర్తిగా మూసి టేపు అంటించండి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.