ఫీజు రసీదు ఉంది... పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: సార్, నేను ఖమ్మంలో గవర్నమెంట్ టీచర్‌ని. మరి మీ పిల్లలు ప్రైవేట్ స్కూల్లో ఎందుకని మాత్రం అడగకండి, ఇంట్లో రోజూ అదే గొడవ. బాబు ఏడో తరగతి, పాప యూకేజీ. మా వారిది హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగం, అక్కడ అద్దెకుంటారు. ఇక్కడి ఇంటికి ఆయన పేరు మీద లోన్ ఉంది. ఆయన జీతం ఏడాదికి 14,00,000, నాది 9,60,000. పిల్లలిద్దరి ఫీజు 1,90,000 దాకా అయింది. ఇది ఎవరి లెక్కలో చూపిస్తే లాభం? అడిగితే మొత్తం ట్యూషన్ ఫీజు కిందే రసీదు రాసిస్తామని స్కూల్ వాళ్లు అంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. అలాంటి రసీదు వద్దమ్మా. మీరు పంపిన బాబు రసీదు జిరాక్స్ నా ముందే ఉంది. ట్యూషన్ ఫీజు 64,000, బస్సు 21,000, పుస్తకాలు, యూనిఫాం 13,500, డెవలప్‌మెంట్ 8,000, ఐఐటీ ఫౌండేషన్ మెటీరియల్ 6,500. మొత్తం 1,13,000. కొన్ని ఖర్చుల్ని, పొదుపుల్ని పన్ను పడే ఆదాయంలోంచి తీసేయనిచ్చే సెక్షన్ 80సీ ఇందులో మొదటి లైను ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్ పనికిరావని చట్టంలోనే రాసి ఉంది. బస్సుకి, యూనిఫాంకి కట్టింది ట్యూషన్ ఫీజే కాదు. పాప యూకేజీయే కదా, చెల్లుతుందో లేదో అన్న అనుమానం అక్కర్లేదు. ప్లే స్కూల్, నర్సరీ ఫీజులకి కూడా ఈ మినహాయింపు ఉంది.

లేనిది ఉన్నట్టు రాయించుకుంటే చివరికి ఇరుక్కునేది మీ వారే, స్కూల్ క్లర్కు కాదు. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దొంగ మినహాయింపుల మీద దేశమంతా 150 చోట్ల తనిఖీలు చేసింది. ఆదాయాన్ని తప్పుగా చూపించారని తేలితే, ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు పెనాల్టీ పడుతుంది.

ఇక అసలు విషయం. మీ రెండు జీతాలకీ ఈ రసీదుతో దాదాపు పనే లేదు. ఎందుకో 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కతోనే చెప్తాను. పన్ను లెక్కకి పాత, కొత్త అని రెండు విధానాలున్నాయి. 80సీ ఉన్నది పాతదాంట్లోనే. కొత్త విధానంలో స్కూల్ ఫీజుకి మినహాయింపే లేదు. మీరు ఏదీ ఎంచుకోకపోతే మీకు వర్తించేది ఆ కొత్తదే.

మొదట మీ జీతం చూద్దాం. 9,60,000లో స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఏ కాగితమూ చూపించకుండానే జీతంలోంచి తీసేసే మొత్తం, 75,000 పోతే 8,85,000. కొత్త విధానంలో ఆదాయం 12,00,000 దాకా ఉంటే పన్ను మొత్తం మాఫీ చేసే రిబేటు ఉంది కాబట్టి మీకు పన్ను సున్నా. ఫీజు చూపించి సున్నాని ఇంకా తగ్గించలేం కదా!

మీ వారి 14,00,000లో అదే 75,000 పోతే 13,25,000. దీని మీద కొత్త విధానంలో పన్ను 78,750, నాలుగు శాతం సెస్సుతో 81,900. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ కింద 1,50,000 నిండుగా తీసేసినా మిగిలేది 12,00,000. పన్ను 1,79,400. అంటే ఫీజు రసీదు కోసం పాత విధానంలోకి వెళ్తే 97,500 ఎదురు కట్టుకున్నట్టు.

ఇంటి లోన్ వడ్డీ ఉందిగా అంటారు. సరే, గరిష్ఠంగా 2,00,000 తీసేద్దాం. పన్ను 1,17,000కి దిగుతుంది. హైదరాబాద్ అద్దె మీద హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె అలవెన్సు) మినహాయింపు 1,50,000 వస్తుందనుకుందాం, 85,800కి వస్తుంది. ఆరోగ్య బీమా ప్రీమియం ఇంకో 25,000 కలిపితే 80,600. ఇన్ని కాగితాలు పోగేస్తే కొత్త విధానం కన్నా మిగిలేది 1,300 రూపాయలు! మీ వారి హెచ్‌ఆర్‌ఏ నేను అనుకున్నదాని కన్నా బాగా ఎక్కువ ఉంటే తప్ప పాత విధానం జోలికి వెళ్లమని చెప్పను.

ఒకవేళ పాతదే లాభమని తేలినా, ఫీజు వల్ల అదనంగా ఏమైనా ఒరుగుతుందా అనేది వేరే ప్రశ్న. ఆ 1,50,000 పరిమితి ఒక్క ఫీజుకే కాదు. పీఎఫ్, ఎల్‌ఐసీ, ఇంటి లోన్ అసలు, పీపీఎఫ్, సుకన్య సమృద్ధి అన్నీ అందులోకే వస్తాయి. ఆయన పీఎఫ్, లోన్ అసలుతోనే అది నిండిపోయి ఉంటే ఫీజుకి చోటే ఉండదు. నిండకపోయినా, 64,000 ఫీజు చూపిస్తే 64,000 పన్ను తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఆ మొత్తం తగ్గేది ఆదాయంలోంచి. ఇరవై శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి సెస్సుతో కలిపి మిగిలేది 13,312.

రసీదులు మాత్రం పారేయకండి. ఉద్యోగస్తులు ఏ ఏటికాయేడు విధానం మార్చుకోవచ్చు. కాకపోతే పాతది కావాలంటే రిటర్ను గడువులోగా వేయాలి. ఆలస్యమైతే కొత్తదే గతి.

ప్రశ్న: రైల్వేలో రిటైరయ్యాను. మనవడి స్కూల్ ఫీజు 85,000 నా ఖాతా నుంచే ఆన్‌లైన్‌లో కట్టాను. నా పెన్షన్ లెక్కలో చూపించవచ్చా? నేను, మా అబ్బాయి ఇద్దరమూ పాత విధానంలోనే ఉన్నాం.
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: లేదండీ. చట్టం ఇచ్చేది సొంత పిల్లల చదువుకే, మనవల ఫీజుకి కాదు. పోనీ మీ అబ్బాయి చూపిద్దామంటే కట్టింది ఆయన కాదు. తాత ముచ్చట తీరింది గానీ మినహాయింపు ఇద్దరికీ కాకుండా పోయింది. వచ్చే టర్మ్ నుంచి ఆ డబ్బు మీ అబ్బాయి ఖాతాలో వేయండి, ఫీజు ఆయన్ని కట్టమనండి. తండ్రి కొడుక్కి ఇచ్చిన డబ్బు మీద కొడుక్కి పన్ను పడదు. కట్టింది ఆయనే కాబట్టి ఫీజు మినహాయింపు కూడా ఆయనకి వస్తుంది.

ప్రశ్న: నాకు బట్టల షాపుంది, పాత విధానంలోనే పన్ను కడుతున్నాను. ముగ్గురు పిల్లలు. చిన్నవాడి సీటుకి స్కూల్ ట్రస్టు 50,000 డొనేషన్ తీసుకుని 80జీ రసీదు ఇచ్చింది. అది చెల్లుతుందా? పెద్దపిల్లల వచ్చే ఏడాది ఫీజు కూడా మార్చిలోనే కట్టించుకున్నారు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సీటు కోసం ఇచ్చింది విరాళం ఎలా అవుతుంది? ఇష్టపూర్వకంగా, ప్రతిఫలం ఆశించకుండా ఇస్తేనే 80జీ, అంటే విరాళాలకి ఇచ్చే పన్ను మినహాయింపు. ఆ రసీదు వాడకండి.

మార్చిలో కట్టిన ఫీజులో ట్యూషన్ భాగం మాత్రం మార్చితో ముగిసిన ఏడాది లెక్కలోకే వస్తుంది. చదువు ఏ సంవత్సరానిదని కాదు, డబ్బు ఎప్పుడు కట్టారన్నదే చూస్తారు. ముగ్గురిలో మీరు ఇద్దరికే చూపించగలరు, ఏ ఇద్దరన్నది మీ ఇష్టం. మీ ఆవిడకి కూడా పన్ను పడే ఆదాయం ఉండి, పాత విధానంలో ఉంటే మూడో బిడ్డ ఫీజు ఆవిడ కట్టి, ఆవిడ లెక్కలో చూపించవచ్చు. ఇద్దరు పిల్లలన్న పరిమితి తల్లికి వేరు, తండ్రికి వేరు.

వ్యాపారస్తులు కాబట్టి ఇంకో మాట. ఉద్యోగస్తుల్లాగా ఏటా అటూ ఇటూ మారడం మీకు కుదరదు. ఫారం 10-ఐఈఏ ఇచ్చి పాత విధానంలోకి వచ్చారు కదా, ఒకసారి మళ్లీ కొత్తదానికి వెళ్లారంటే వ్యాపారం ఉన్నంతకాలం వెనక్కి రాలేరు. రెండు విధానాల లెక్కా పక్కపక్కన వేయించి చూసుకున్నాకే ఆ పని చేయండి.