చిప్ లోపల దారులు మార్చే స్విచ్‌లు - మీరడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఒకే చిప్‌లో ఉన్న ప్రాసెసర్ల మధ్య డేటా పంపడానికి రీకాన్ఫిగరబుల్ స్విచ్ నెట్‌వర్క్‌లు అని సెమినార్ టాపిక్ ఇచ్చారు. నాకు ఎక్కనిది ఏంటంటే, అన్నిటినీ అన్నిటికీ కలుపుతూ ఒక పెద్ద క్రాస్‌బార్ పెట్టేస్తే పోలా, ఈ దారులు మార్చుకునే గొడవంతా ఎందుకు? పైగా చిప్ నడుస్తుండగా దారి మారిస్తే మధ్యలో ఉన్న డేటా ఏమైపోతుంది?

జవాబు: మంచి టాపిక్కే దొరికింది మీకు. ముందు క్రాస్‌బార్ సంగతి చూద్దాం. 8 ప్రాసెసర్లకి 8 అడ్డం, 8 నిలువు అంటే 64 క్రాస్‌పాయింట్లు (అడ్డం, నిలువు దారులు కలిసేచోట ఉండే స్విచ్‌లు), పర్లేదు. అదే 64 ప్రాసెసర్లయితే 4096, పైగా ఒక్కో క్రాస్‌పాయింట్ అంటే ఒక్క వైరు కాదు, 32 బిట్ల దారి అనుకుంటే 32 వైర్ల కట్ట, ఆ వైర్లు చిప్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సాగాలి కాబట్టి ఆలస్యం, కరెంటు ఖర్చు రెండూ పెరుగుతాయి.

ఈ తలనొప్పి చిప్‌లకంటే ముందు టెలిఫోన్ ఎక్స్‌చేంజీలది. 1953లో బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ క్లోస్ అనే ఆయన ఒకే పెద్ద స్విచ్ బదులు చిన్న స్విచ్‌లని మూడు వరసల్లో పెట్టి, ఎవరి కాల్ ఇంకొకరికి అడ్డం రాకుండా ఎలా చెయ్యొచ్చో లెక్క కట్టి చూపించాడు. తర్వాత 1960ల్లో అక్కడే బెనెష్ అనే ఇంకొకాయన దాన్ని ఇంకా పిండేసి రెండు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు ఉండే బుల్లి స్విచ్‌ల దాకా తెచ్చాడు. ఆ బుల్లి స్విచ్‌కి తెలిసినవి రెండే, నేరుగా పంపడం లేదా అటుదిటు ఇటుదటు మార్చి పంపడం, అంటే ఒక్క బిట్ చాలు.

64 ప్రాసెసర్లకి బెనెష్ పద్ధతిలో 11 వరసలు, వరసకి 32 స్విచ్‌లు, మొత్తం 352. ఒక్కోదాన్లో నాలుగు క్రాస్‌పాయింట్లు లెక్కేసినా 1408, ఇందాకటి 4096తో పోలిస్తే మూడో వంతు. కానీ 8 ప్రాసెసర్లకి ఇదే లెక్క వెయ్యండి, 20 స్విచ్‌లు, 80 క్రాస్‌పాయింట్లు, క్రాస్‌బార్ 64తోనే అయిపోయేది! సెమినార్‌లో ఈ ఒక్కటి చెప్పండి, చిన్న చిప్‌కి క్రాస్‌బారే మేలు అనేది చాలామంది వదిలేస్తారు.

మరి బెనెష్‌లో మెలిక ఎక్కడంటే, కొత్త దారి కావాలంటే ఒక్కోసారి ఇప్పటికే నడుస్తున్న దారుల్ని కదిపి వేరే స్విచ్‌ల మీదుగా తిప్పాల్సొస్తుంది, ఏ స్విచ్ ఎటు ఉండాలో లెక్క కట్టడానికి టైమ్ పడుతుంది, ఆ లెక్క క్లాక్ సైకిల్‌కోసారి (చిప్ గడియారం టిక్కుమన్నప్పుడల్లా) చెయ్యడం అయ్యే పని కాదు. నా దృష్టిలో అసలు కథ ఇదే, స్విచ్ తిప్పడం తేలిక, ఎప్పుడు ఎటు తిప్పాలో ముందే తెలియడం కష్టం.

ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క), ఇమేజ్ ఫిల్టర్ లాంటి పనుల్లో ఎవరు ఎవరికి ఎప్పుడు పంపాలో ప్రోగ్రామ్ రాసేటప్పుడే తెలిసిపోతుంది, అక్కడ ప్రోగ్రామ్‌ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలరే స్విచ్‌ల సెట్టింగులు తయారుచేసి పెట్టేస్తుంది. ఎంఐటీలో చేసిన రా అనే 16 టైల్స్ (ప్రాసెసర్, స్విచ్ కలిసి ఉండే గడులు) చిప్‌లో అయితే స్విచ్‌కి కూడా విడిగా ఒక ప్రోగ్రామ్ ఉండేది, సైకిల్ సైకిల్‌కీ ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి పంపాలో అది చెప్పేది. ముందే తెలియని పనులకి మాత్రం ప్యాకెట్లే (గమ్యం అడ్రసు రాసి పంపే డేటా ముక్కలు) గతి, దారిలో అడ్రసు చూసి పంపే రౌటర్లు, డేటా కాసేపు ఆగే బఫర్లు, వాటి ఖర్చు. 2007లో ఇంటెల్ చూపించిన 80 కోర్ల ప్రయోగ చిప్‌లో టైల్ వాడే పవర్‌లో 28 శాతం ఈ రాకపోకలకే పోయింది మరి. అదే ఏడాది వచ్చిన టైల్64 అనే చిప్‌లో ఐదు మెష్ (గళ్ల వల లాంటి) నెట్‌వర్క్‌లు పెడితే అందులో ఒక్కటే స్టాటిక్ (దారులు ముందే ఖరారు చేసేది), మిగతా నాలుగూ ప్యాకెట్లవే, అంటే ఖర్చయినా సరే జనం ఎటు మొగ్గారో చూడండి.

ఇక మీ రెండో డౌటు. డేటా పోదు, పోకుండా చూసుకోవాలి. మామూలుగా చేసేది ఏంటంటే స్విచ్ పక్కనే రెండు మూడు సెట్టింగులు పట్టే చిన్న మెమరీ పెడతారు, ఒకటి నడుస్తుండగా ఇంకొకటి నింపుకుంటారు, దారిలో ఉన్న డేటా గమ్యం చేరేదాకా కొత్తది పంపడం ఆపి, తర్వాత అన్ని స్విచ్‌లూ ఒకేసారి మారతాయి. ఇది కొత్త ఐడియా ఏం కాదు, 1982లోనే లారెన్స్ స్నైడర్ చిప్ అనే మెషిన్ డిజైన్‌లో (పేరే అది, కాన్ఫిగరబుల్ హైలీ ప్యారలల్ అని) స్విచ్‌లలో సెట్టింగులు ముందే దాచి కంట్రోలర్ ఒక్క ఆర్డర్ వేస్తే అన్నీ మారేలా పెట్టాడు. ప్యాకెట్ల నెట్‌వర్క్‌లో ఇంకో ప్రమాదం ఉంది, పాత దారుల రూల్ విడిగా బాగానే ఉంటుంది, కొత్త రూల్ కూడా బాగానే ఉంటుంది, కానీ మారే ఆ కాసేపట్లో పాత ప్యాకెట్ కొత్తదాని కోసం, కొత్తది పాతదాని కోసం ఎదురుచూస్తూ డెడ్‌లాక్‌లో ఇరుక్కోవచ్చు. అందుకే ముందు ఖాళీ చేసి తర్వాత మార్చడం, కాస్త టైమ్ పోయినా సరే.

ప్రశ్న: అయితే ఇది ఎఫ్‌పీజీఏ (తయారయ్యాక కూడా లోపలి కనెక్షన్లు మార్చుకోగల చిప్) లాంటిదేగా?

జవాబు: అన్నదమ్ములే కానీ ఒకటి కాదు. ఎఫ్‌పీజీఏలో దాదాపు ఒక్కో వైరుకీ ఒక బిట్ పెట్టి కలుపుతారు, అందుకే సెట్టింగుల ఫైలు అంత పెద్దది, లోడ్ అవ్వడానికీ టైమ్ తీసుకుంటుంది. ఇక్కడ 32 వైర్ల కట్ట మొత్తాన్ని ఒకే బిట్ తిప్పుతుంది కాబట్టి 352 స్విచ్‌లకి 352 బిట్లు, అంటే 44 బైట్లు.