తేదీ చెబితే వారం చెప్పేస్తాడు.. ఆకలైతే అన్నం అడగడు!

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఏ తేదీ అడిగినా అది ఏ వారమో ఠక్కున చెబుతాడు. కానీ పేరు పెట్టి పిలిస్తే పలకడు. ఆకలైతే నోటితో అడగడు, నా చెయ్యి పట్టుకుని గిన్నె దగ్గరికి లాక్కెళ్తాడు. ఊళ్లో అందరూ దేవుడిచ్చిన తెలివి అంటున్నారు. చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కుకున్నాం. స్పీచ్ థెరపీ ఇప్పిస్తే ఈ తెలివి పోతుందని ఒకరు భయపెట్టారు. ఏం చేయాలి?
- ఓ తల్లి, దేవరకొండ

సలహా: మాటలు నేర్పితే తెలివి పోతుందన్న భయం పెట్టుకోకండమ్మా. మీరు రాసిన లక్షణాలు ఆటిజంతో (మాటల్లో, నలుగురితో కలవడంలో ఇబ్బంది ఉండే ఎదుగుదల సమస్య) పాటు కనిపించే సావంత్ సిండ్రోమ్‌ను తలపిస్తున్నాయి. ఆటిజం ఉన్న ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఇలాంటి ప్రత్యేక నైపుణ్యం ఉంటుందని అంచనా. తేదీల లెక్కలో ఒక కిటుకుంది. జనవరి 1 పడే వారాలు ఏడు, ఏడాది లీపు కావచ్చు, కాకపోవచ్చు.. కాబట్టి క్యాలెండర్లు మొత్తం 14 రకాలే. 2015 తేదీలు, 2026 తేదీలు సరిగ్గా ఒకే వారాల్లో పడతాయి. గంటల తరబడి క్యాలెండర్ చూసే పిల్లలు ఈ వరసను పట్టేస్తారు. కానీ ఒక నైపుణ్యం ఉన్నంత మాత్రాన మిగతావన్నీ వాటంతటవే రావు. అమెరికాకు చెందిన కిమ్ పీక్‌కు వేల పుస్తకాలు కంఠతా వచ్చేవి, చొక్కా గుండీలు మాత్రం పెట్టుకోలేకపోయేవారు.

ముందు వినికిడి పరీక్ష చేయించండి. టీవీ పాటకు పరుగెత్తుకొస్తాడు కదా అని చెవులు బాగున్నాయనుకోవద్దు, కొన్ని శబ్దాలే వినబడుతూ ఉండొచ్చు. శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో చూసే బెరా పరీక్షకు పిల్లాడు నిద్రలో ఉండాలి. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పెందలాడే లేపి తీసుకెళ్లండి. తర్వాత నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్‌కు చూపించండి. బాబు ఆడుకునేటప్పుడు, మీరు పిలిచేటప్పుడు ఫోన్‌లో రెండేసి నిమిషాల వీడియోలు తీసి పెట్టుకోండి, కొత్త చోట పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు. ఆటిజం ఉందో లేదో తేల్చే ఇసా అనే పరీక్షలో 40 అంశాలకు మార్కులు వేస్తారు. 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం కింద లెక్క. మూర్ఛ వచ్చినా, ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఉండిపోతున్నా, వచ్చిన మాటలు పోతున్నా ఆలస్యం చేయొద్దు. అవేమీ లేకుంటే ఎమ్మారై అక్కర్లేదు. మొక్కు తీర్చుకోండి, తప్పు లేదు. పరీక్షలు మాత్రం దానికోసం ఆపొద్దు.

ఇక ఇంట్లో. వచ్చిన చుట్టమల్లా తేదీ అడగడం, వీడు చెప్పడం, చప్పట్లు కొట్టడం.. దీంతో మాటలు రావు. అదే క్యాలెండర్‌ను మాటకు దారి చేయండి. పెద్ద గళ్ల క్యాలెండర్ తగిలించి, అంగడి రోజు గడిలో కూరగాయల బొమ్మ, బడి రోజుల్లో సంచి బొమ్మ అతికించండి. "శుక్రవారం ఎటు పోదాం?" అని అడిగి, మనసులో పది అంకెలు లెక్కపెట్టే దాకా నోరు మెదపకండి. చాలామంది తల్లులు ఇక్కడే తొందరపడి జవాబు తామే చెప్పేస్తారు. రాకపోతే "అం.." అని అందించండి. సగం మాట పలికినా సరే, ఆ రోజు అంగడికి తీసుకెళ్లి తీరాలి. వెళ్లడం కుదరకపోతే బాబు ముందే ఆ బొమ్మ తీసి వేరేది అతికించండి. చెప్పకుండా మారిస్తే మంకుపట్టు తప్పదు. రోజుకు రెండుసార్లు, పదిహేను నిమిషాలు చాలు.

తెలివి పెంచుతామంటూ చెప్పే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ తరగతులు, జ్ఞాపకశక్తి టానిక్కులు, స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల జోలికి పోకండి. వాటికి పెట్టే డబ్బుతో నెలల తరబడి థెరపీ ఇప్పించవచ్చు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో చేర్పించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలోనూ చూస్తారు. ఆటిజం నిర్ధారణ అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వైకల్య ధ్రువపత్రం వస్తుంది. దాంతో నిరామయ అనే ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోండి, ఏడాదికి మొత్తం లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి, అందులో కొంత పరిమితి మేరకు థెరపీ ఖర్చులు కూడా ఇస్తారు.