రాబోయే మూడు పనిదినాలు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. మీ బ్యాంకు రుణాల టేబుల్‌లోంచి రాబోయే మూడు పనిదినాల్లో గడువు ఉన్న వరుసలను మాత్రమే క్వెరీతో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నతో, ఎలా తీయాలని అడిగావు. ఈరోజు తేదీకి మూడు కలిపితే చాలదా అని నీ పక్క సీటు అబ్బాయి అన్నాడట. మంగళవారం నాడైతే చాలుతుంది. 2026 జనవరి 23 తీసుకుని చూడమను. అది శుక్రవారం. 24 నాలుగో శనివారం, 25 ఆదివారం, 26 గణతంత్ర దినోత్సవం. మూడు కలిపిన క్వెరీ సరిగ్గా మూడు సెలవులను పట్టుకొస్తుంది. బ్యాంకు తలుపు తెరిచే రోజు అందులో ఒక్కటీ లేదు. శని, ఆదివారాల కోసం మరో రెండు కలిపినా 28 దగ్గరే ఆగిపోతావు. నీకు కావలసినవి 27, 28, 29.

వారాంతాన్ని లెక్క కట్టవచ్చు కానీ సెలవును లెక్క కట్టలేం. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవని 2015 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉంది. రెండో శనివారం ఎప్పుడూ 8, 14 తేదీల మధ్యే వస్తుంది, నాలుగోది 22, 28 మధ్య. ఇంతవరకూ సూత్రంతో నడుస్తుంది. మరి రంజాన్? నెలవంక కనిపించేదాకా తేలదు, ముందు ప్రకటించిన తేదీ చివరి క్షణంలో మారుతుంది. హైదరాబాద్‌కు ఉన్న సెలవు విజయవాడకు ఉండకపోవచ్చు. ఇవన్నీ క్వెరీలోనే షరతు మీద షరతుగా పేర్చేవాళ్లున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ క్వెరీ రాసినవాళ్లకే కొరుకుడు పడదు.

అందుకే క్యాలెండర్ టేబుల్ ఒకటి పెట్టుకో. ప్రాంతానికి, తేదీకి ఒక వరుస. పనిదినమైతే 1, సెలవైతే 0. రిజర్వ్ బ్యాంకు తన ప్రాంతీయ కార్యాలయాల వారీగా సెలవుల పట్టిక ప్రచురిస్తుంది, దాన్ని చూసి నింపు. అప్పుడు ఒక తేదీ ఆదివారమో సోమవారమో నంబరుతో చెప్పే ఫంక్షన్ల తలనొప్పి కూడా తగ్గుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక పద్ధతిలో ఆదివారం 0, మరో పద్ధతిలో 7. మైఎస్‌క్యూఎల్‌లో ఒక ఫంక్షన్ ఆదివారాన్ని 1 అంటే, మరొకటి సోమవారాన్ని 0 అంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనైతే సెట్టింగు మారితే నంబరే మారిపోతుంది.

అసలు కిటుకు ఆ తర్వాతి కాలమ్‌లో ఉంది. తేదీల వరుసలో ఆ 1, 0లను కూడుకుంటూ పో. వచ్చిన మొత్తమే పనిదినం వరుస సంఖ్య. 23వ తేదీకి అది 100 అనుకో. 24, 25, 26 సెలవులు కాబట్టి వాటికీ 100 ఉంటుంది. 27న 101, 28న 102, 29న 103. ఈరోజు సంఖ్యకు మూడు కలుపు, 103 వచ్చింది. ఆ సంఖ్య ఉన్న తేదీల్లో అన్నిటికన్నా ముందుది 29. అదే నీ ఆఖరి తేదీ. సెలవు రోజున క్వెరీ నడిచినా ఇదే సమాధానం వస్తుంది, దానికి వేరే షరతు రాయనక్కరలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగు. రుణాల టేబుల్‌ను క్యాలెండర్‌తో కలిపి, 101 నుంచి 103 దాకా ఉన్న వరుసలు ఇమ్మంటే చక్కగా కనిపిస్తుంది. కానీ ఒక వాయిదా గడువు 26న పడితే, ఆ తేదీ పనిదినం సంఖ్య 100. ఆ వరుస చప్పుడు చేయకుండా జారిపోతుంది, ఏ లోపమూ కనిపించదు. కాబట్టి సంఖ్యను ఆఖరి తేదీ కనుక్కోవడానికే వాడు. వరుసలను మాత్రం తేదీలతోనే వడకట్టు: 23 తర్వాత, 29 దాకా.

మరి సెలవు రోజున పడిన గడువు ముందుకు జరగాలా, వెనక్కా? అది నువ్వు తేల్చే విషయం కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రామిసరీ నోటు గడువు సెలవు రోజున పడితే అంతకు ముందరి పనిదినానికే తీరినట్టు. అంటే 26 నాటి నోటుకు గడువు 23నే, నువ్వు కూర్చున్న శుక్రవారమే. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్ మాత్రం, కోర్టులో గానీ ఆఫీసులో గానీ చేయవలసిన పనికి ఆఖరి రోజున ఆ చోటు మూసి ఉంటే, తెరిచిన మరుసటి రోజున చేసినా చెల్లుతుందంటుంది. ఒకటి వెనక్కి లాగితే మరొకటి ముందుకు తోస్తుంది. మీ రుణపత్రంలో ఏం రాసి ఉందో న్యాయ విభాగాన్ని అడిగి, వాళ్ల జవాబు మెయిల్‌లోనే తీసుకో. నోటిమాట మీద క్వెరీ రాయకు.

బ్యాంకుల మధ్య డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి ఏడాది పొడవునా, ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది కదా, ఇంకా ఈ పనిదినాల గోల ఎందుకు అనే మేనేజరు ఎవరో ఒకరు తగులుతారు. డబ్బుకు సెలవు లేదు, నిజమే. బాకీదారుకు ఫోను చేయవలసిన శాఖ ఉద్యోగికి ఉంది. పనిదినం అంటే ఎవరి పనిదినమో ముందే అడిగి రాసుకో.

చిన్నవి రెండున్నాయి. గడువు కాలమ్‌లో తేదీతో పాటు సమయం కూడా ఉంటే, ‘29 దాకా’ అన్న షరతు 29 మొదలయ్యే అర్ధరాత్రి దగ్గరే తెగిపోతుంది, ఆ పగటి వరుసలు పోతాయి. ‘30 కన్నా ముందు’ అని రాయి. రెండోది, మీ సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో, ఉంటే మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ తెల్లవారుజామున 5 గంటలకు జాబ్ (వేళకు క్వెరీని తానే నడిపే ఏర్పాటు) నడిస్తే దానికి ఇంకా నిన్నే. ‘ఈరోజు’ను సర్వర్‌కు వదిలేయకుండా భారత కాలమానంలోకి మార్చి తీసుకో.

క్యాలెండర్ టేబుల్ అయిపోయిన రోజు క్వెరీ తప్పు చూపదు, ఖాళీగా తిరిగొస్తుంది. గడువులేవీ లేవనుకుని శాఖలన్నీ సంతోషిస్తాయి. ఆ టేబుల్‌లోని చివరి తేదీకి నెల రోజులే మిగిలితే జాబ్ ఆగిపోయి మీ బృందానికి మెయిల్ వెళ్లేలా ఇప్పుడే పెట్టు. కొత్త ఏడాది సెలవులు ఎవరు నింపాలో, రంజాన్ తేదీ మారితే ఆ రాత్రి ఎవరు దిద్దాలో పేరుతో సహా రాసి ఉంచు.

అక్కయ్యను అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య