ఇన్సూరెన్స్ డాక్టరు 15 శాతమే రాశాడు, ఎక్కడ అప్పీల్ చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు బొబ్బిలి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. వయసు 35, జీతం నెలకు 23 వేలు. డ్యూటీలో ఉండగా కుడి భుజం నలిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, కానీ చెయ్యి భుజం పైకి లేవడం లేదు. ఇప్పుడు ఆమదాలవలసలో ఇంటి దగ్గరే ఉంటున్నారు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన డాక్టరు 15 శాతం వైకల్యం అని రాశాడు. దాని ప్రకారం రెండున్నర లక్షలు ఇస్తాం, ఇక ఏ క్లెయిమూ లేదని సంతకం పెట్టమంటున్నారు. ఆ డాక్టరు రిపోర్టు మీద ఎక్కడ అప్పీల్ చేయాలన్నది మీ ప్రశ్న.

ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతాది నిదానంగా చెబుతాను.

నాది టెక్కలి దగ్గర పల్లె. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పదకొండేళ్లు ఎడ్జ్ కటింగ్, గ్రైండింగ్ చేశాను. 2021 ఆగస్టులో గ్యాంట్రీకి (బరువులెత్తే క్రేన్‌కి) వేలాడుతున్న స్లాబు జారింది. స్లాబుకీ స్టాండుకీ మధ్య నా కుడి మణికట్టు ఇరుక్కుంది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఆ తర్వాత ఓనరు డబ్ల్యూసీ పాలసీ (పనిలో దెబ్బ తగిలితే కార్మికుడికి పరిహారమిచ్చే బీమా) ఉన్న ఇన్సూరెన్స్ వాళ్లు నన్నొక డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన చెయ్యి వంచమన్నాడు, తిప్పమన్నాడు, గుప్పిట మూయమన్నాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టలేదు. నేను ఏం పని చేస్తానో ఒక్క ముక్క అడగలేదు. రాసింది 12 శాతం. ఇంట్లో మా ఆవిడ భయం మా ఆవిడది. 'ఏటవుతాదో ఏటో, ఇచ్చింది పుచ్చుకుందాం' అంది. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను. మా ఊళ్లో రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఆపారు.

ఇక మీ ప్రశ్నకొస్తే, ఆ రిపోర్టు మీద అప్పీల్ చేసేదేమీ ఉండదు. అది తీర్పు కాదు. అవతలి పక్షం తమ కోసం తెచ్చుకున్న కాగితం. అది చెల్లుతుందో లేదో తేల్చేది ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ కమిషనర్. పేరు పెద్దగా ఉన్నా, ఆ సీట్లో కూర్చునేది మన కార్మిక శాఖ అధికారే. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద ఆయన దగ్గర మీరే క్లెయిమ్ వేయాలి. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు వేయాలి, అది దాటితే ఆలస్యానికి కారణం చూపించుకోవాలి. ప్రమాదం బొబ్బిలిలో జరిగినా మీరు ఇప్పుడు ఉంటున్న చోటు పరిధిలో కూడా వేసుకోవచ్చు. వాయిదా వాయిదాకీ బస్సెక్కి తిరగాల్సిన వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఒక మాట. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. మీ ప్రమాదం తేదీ ముందు చెప్పి, ఏ చట్టం కింద వేయాలో లాయరు గారి చేత చూపించుకోండి.

ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకి దారి వేరు. అక్కడ శాతం తేల్చేది మెడికల్ బోర్డు. ఆ బోర్డు నిర్ణయం మీద నిజంగానే అప్పీల్ ఉంటుంది. మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, లేదా నేరుగా ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టుకి వెళ్లొచ్చు. నిర్ణయం చేతికొచ్చిన మూడు నెలల్లోపు వెళ్లాలి. అప్పీల్ చేయాలన్న మాట మీకు చెప్పింది ఈఎస్ఐ వాళ్లెవరో అయ్యుంటారు. మీ జీతం 21 వేలు దాటింది కాబట్టి మీరు అందులో లేరు. మా యూనిట్‌కి ఈఎస్ఐ లేదు. పది మంది ఉంటే వర్తిస్తుంది. రిజిస్టర్లో మేం ఎప్పుడూ తొమ్మిది మందిమే, పనిలో ఎంతమంది ఉన్నా సరే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ 15 శాతం దేనిలో 15 శాతం? నాకు ఇది తెలియడానికి ఏడాది పట్టింది.

బొటనవేలు పోతే 30, ఒక చేతికి నాలుగు వేళ్లూ పోతే 50, ఒక కన్ను పోతే 40. ఇలాంటివాటికి చట్టం షెడ్యూల్లోనే అంకె రాసి ఉంది, అక్కడ పేచీ తక్కువ. మీ భుజం, నా మణికట్టు ఆ పట్టికలో లేవు. ఇలాంటి దెబ్బలకి అర్హత ఉన్న డాక్టరు 'సంపాదన శక్తి ఎంత తగ్గింది' అని చెప్పాలి. డాక్టర్లు మామూలుగా రాసేది మాత్రం 'వైకల్యం ఎంత' అని. ఈ రెండూ ఒకటి కావు. కీలు ఎన్ని డిగ్రీలు తిరుగుతోంది అన్నది వైకల్యం. ఆ కీలుతో మీరు చేసే పని ఇక చేయగలరా, రోజు కూలి వస్తుందా అన్నది సంపాదన శక్తి. సదరం సర్టిఫికెట్ కూడా మొదటి రకమే. పింఛనుకి పనికొస్తుంది. క్లెయిమ్‌లో జత చేయండి కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది, ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు. ఒక సినిమా హాల్లో పనిచేస్తూ వడ్రంగి పడిపోయాడు. ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. కుడి చెయ్యి బాగానే ఉందిగా అన్నారు యజమాని తరఫువాళ్లు. ఒంటి చేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు, ఇది నూటికి నూరు శాతం నష్టమే అన్న కమిషనర్ మాటనే సుప్రీంకోర్టు నిలబెట్టింది. మా లాయరు గారు ఈ తీర్పు కాపీని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టేవారు.

నా కేసులో నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు గారే సాక్ష్యం చెప్పడానికి వచ్చారు. మంచాయన. కానీ సర్టిఫికెట్లో 'కుడి మణికట్టుకు 40 శాతం శాశ్వత పాక్షిక వైకల్యం' అని మాత్రమే రాశారు. ఇన్సూరెన్స్ లాయరు లేచి అడిగింది ఒకటే.

'ఈ 40 శాతం ఆ చేతికా, మొత్తం శరీరానికా?'

'చేతికి.'

'అంటే మొత్తం శరీరానికి మూడో వంతు అనుకోవచ్చా?'

డాక్టరు గారు ఒక్క క్షణం ఆగి, 'అలా లెక్క వేస్తారు' అన్నారు. నా 40 కాస్తా అక్కడికక్కడే 13 అయిపోయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు మా లాయరు గారు నా ఫోన్లోంచి ప్రింట్ తీయించిన ఫొటో ఒకటి డాక్టరు గారి చేతికిచ్చారు. ప్రమాదానికి ముందు ఏడాది దసరాకి యూనిట్లో ఆయుధ పూజ చేసినప్పటిది. గ్రైండర్‌కి పసుపు రాసి బొట్లు పెట్టి, నేను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. 'ఇది నాలుగైదు కిలోలుంటుంది. నీళ్లు పడుతుంటే రోజంతా ఇలా పట్టుకుని పనిచేయాలి. ఈ మణికట్టుతో చేయగలడా?' అని అడిగారు. చేయలేడన్నారు డాక్టరు గారు. మరి ఆ పనికి సంపాదన శక్తి ఎంత తగ్గినట్టు అంటే, 60 శాతం దాకా అని చెప్పారు. కమిషనర్ కూడా నన్ను పిలిచి, టేబుల్ మీదున్న ఫైళ్ల కట్ట కుడిచేత్తో ఎత్తమన్నారు. ఎత్తాను కానీ నిలబెట్టలేకపోయాను. చివరికి 45 శాతం ఖాయం చేశారు.

అన్నట్టు ఆ ఫొటో ఇంకోటి కూడా రుజువు చేసింది, నేను అక్కడ పనిచేశానని. మాకు పే స్లిప్పులంటూ ఎప్పుడూ లేవు.

కాబట్టి మీరు ఇప్పుడు చేయాల్సిన పని మీ డాక్టరుని వెళ్లి కలవడం. ఫిట్టరు పని అంటే ఏంటో ఆయనకి వివరంగా చెప్పండి. పైపు మీద వాల్వు బిగించాలంటే చెయ్యి తల పైకి లేవాలి, చైన్ బ్లాక్ లాగాలి, నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. అవన్నీ సర్టిఫికెట్లో రాయించండి, కింద 'ఈ వృత్తికి సంపాదన శక్తి నష్టం ఇంత శాతం' అని విడిగా వేయించండి. సాక్ష్యానికి వస్తారో రారో ముందే అడగండి. సర్టిఫికెట్ ఇచ్చి సాక్ష్యానికి రాని డాక్టరు కన్నా, కాస్త తక్కువ శాతం రాసినా వచ్చి నిలబడే డాక్టరే మేలు. ఆయన రానంటే, ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డుకి పంపమని కమిషనర్ని అడగవచ్చు. మళ్లీ పరీక్షకి రమ్మని కంపెనీ పిలిస్తే మాత్రం కోపంతో మానేయకండి. కారణం లేకుండా వెళ్లకపోతే, వెళ్లేవరకు మీ హక్కు ఆగిపోతుందని చట్టంలోనే ఉంది. వెళ్లండి, ఎంతసేపు చూశారో, ఏం అడిగారో ఇంటికొచ్చాక రాసి పెట్టుకోండి.

మీ లెక్క కూడా చూద్దాం. జీతం 23 వేలైనా, 2020 జనవరి 3 నుంచి లెక్కకి తీసుకునేది గరిష్ఠంగా 15 వేలే. అందులో 60 శాతం 9,000. 35 ఏళ్లకి షెడ్యూల్లో ఉన్న గుణకం 197.06. రెండూ గుణిస్తే 17,73,540. దీనిలో 15 శాతం 2,66,031. అదే 45 శాతమైతే 7,98,093. వాళ్ల రెండున్నర లక్షలు వాళ్లు చెప్పిన 15 శాతానికే తక్కువ, చూశారా. ఇవి కాక వైద్యం ఖర్చు బిల్లుల ప్రకారం వేరుగా రావాలి. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా పెనాల్టీ కూడా వేయవచ్చు. ఆ పెనాల్టీ యజమాని మీదే పడుతుంది, ఇన్సూరెన్స్ మీద కాదు. ఈ మాట చెవిన వేస్తే ఓనర్లలో కదలిక వస్తుంది.

కమిషనర్ ఆర్డరు కూడా నచ్చకపోతే అప్పుడు హైకోర్టు, అరవై రోజుల్లోపు. కానీ అక్కడ చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటేనే తీసుకుంటారు. డాక్టరు అరవై చెప్పాడు, నాకు నలభై అయిదే ఇచ్చారని నేను అమరావతి వెళ్దామన్నాను. మా లాయరు గారు నవ్వి, 2016లో సుప్రీంకోర్టు గొల్ల రాజన్న కేసులో చెప్పింది చదివి వినిపించారు. వాస్తవాల మీద ఆఖరి మాట కమిషనర్‌దే, హైకోర్టు మళ్లీ కూర్చుని శాతం లెక్కలు వేయకూడదు అని. ఆ కేసులో ఇది కార్మికులకే మేలు చేసింది, నా విషయంలో చేతులు కట్టేసింది. ఇన్సూరెన్స్ వాళ్లకీ అదే అడ్డం. పైగా యజమాని అప్పీల్‌కి వెళ్లాలంటే ముందు మొత్తం డబ్బు డిపాజిట్ చేసినట్టు సర్టిఫికెట్ పెట్టాలి. మా ఓనరు వాళ్లు వెళ్లలేదు. అందుకే, మీ బలమంతా కమిషనర్ దగ్గరే చూపించాలి, డాక్టరు సాక్ష్యం రోజున.

సంతకం ఎందుకు వద్దన్నానంటే, ఇలాంటి రాజీ ఒప్పందం కమిషనర్ దగ్గర రిజిస్టర్ కావాలి. మొత్తం మరీ తక్కువనిపిస్తే ఆయన రిజిస్టర్ చేయకుండా ఆపవచ్చు. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు కూడా. చెల్లదు కదా అని సంతకం పెట్టేస్తే, అది చెల్లదని నిరూపించడానికే ఒక ఏడాది పోతుంది. క్లెయిమ్ మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. నాది రెండేళ్ల పైన పట్టింది. ఇంటి ఖర్చుకి ఆ మేరకు ముందే ఏదో ఒక ఏర్పాటు చూసుకోండి. మా ఆవిడ జీడిపప్పు పనికి పలాస వెళ్లబట్టి మేం నిలబడ్డాం. లాయరు ఫీజు కష్టమైతే జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, కార్మికులకి లాయర్ని ఉచితంగా ఇస్తారు.

మీ డిశ్చార్జ్ సమ్మరీ ఒకసారి తీసి చూడండి. డ్యూటీలో దెబ్బ తగిలిందని ఉందా, 'జారి పడ్డాడు' అని మాత్రమే ఉందా? నాదాంట్లో రెండోదే ఉంది, దాని మీద మూడు వాయిదాలు పోయాయి. మీదాంట్లో ఏముందో ఇక్కడ రాస్తే, అప్పుడు ఏం చేశామో చెబుతాను.