బొమ్మను ముట్టుకోకుండా బల్ల మీదకి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను, ఒక్కోటీ జూమ్ చేసి మరీ చూశాను. రెండు వేల పైచిలుకు సైనికుల బొమ్మలు, అందులో సగానికి పైగా రంగులు వేసినవి, అవేమో అట్టపెట్టెల్లో టిష్యూ పేపర్ చుట్టుకుని ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. "మంచి బీరువా ఏది కొనాలో చెప్పు మావయ్యా" అన్నావు. బీరువా ఊసు కాసేపు పక్కన పెట్టు. బొమ్మల సైన్యాలతో బల్ల మీద యుద్ధాలాడే ఈ పిచ్చిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను, బీరువాలు నాలుగు మార్చాను, ఏ బీరువా వల్లా నా బొమ్మలు బాగుపడలేదు, పాడవనూ లేదు. వాటిని పాడుచేసింది నా వేళ్లు.

లెక్క వేసి చూడు. పటాలానికి 24 మంది చొప్పున ఆరు పటాలాలు, మొత్తం 144 బొమ్మలు. ఆటకి ముందు ఒక్కోదాన్నీ డబ్బాలోంచి తీసి బల్ల మీద పెడతావు, అయ్యాక ఒక్కోదాన్నీ మళ్లీ లోపల పెడతావు, అంటే ఆటలో కదిపినవి వదిలేసినా 288 సార్లు వేళ్లు తగిలాయి. బేస్, అంటే బొమ్మ కాళ్ల కింద ఉండే దిమ్మ, పట్టుకోవాలని అందరికీ తెలుసు, కానీ రాత్రి పదకొండింటికి నిద్రమొహంతో సర్దేటప్పుడు తలకాయ పట్టుకునే లాగుతాం. నెపోలియన్ కాలం ఫ్రెంచి సైన్యంలో నేను రంగు వేసిన మొట్టమొదటి పటాలం ఇంకా ఉంది నా దగ్గర. దీపం కింద పెట్టి చూస్తే టోపీల పై అంచు చుట్టూ సన్నటి వెండి గీత కనపడుతుంది. చూసినవాళ్లు అంచు మెరవడానికి కావాలని వేసిన లేత గీత అనుకుని "భలే హైలైట్ వేశారు సార్" అంటారు. హైలైటూ లేదు, పాడూ లేదు, రంగు అరిగిపోయి లోపలి లోహం బయటపడింది.

అందుకని నేను చెప్పేదల్లా ఒకటే. డబ్బాలోంచి బల్ల మీదకి, బల్ల మీంచి డబ్బాలోకి, బొమ్మను ముట్టుకోకుండా చేరేట్టు సర్దుకో. పటాలం పటాలంగా ట్రే మీద నిలబడి ఉండాలి, ట్రేతో పాటే రావాలి, ట్రేతో పాటే పోవాలి.

దీనికి మాగ్నెట్‌ని మించింది నాకింకా దొరకలేదు. రెండు రకాలుగా చెయ్యొచ్చు: బేస్ కింద మాగ్నెట్ అంటించి డబ్బా అడుగున ట్రేగా ఇనుప రేకు వెయ్యడం, లేకపోతే బేస్ కింద ఇనుము, డబ్బా అడుగున మాగ్నెట్ షీట్. ఏదైనా ఫరవాలేదు, కానీ ఒకటి అనుకుంటే మొత్తం కలెక్షన్‌కి అదే, మధ్యలో మనసు మార్చుకుంటే సగం బొమ్మలు సగం డబ్బాల్లోనే నిలబడతాయి. నేనైతే రేకు అడుగున, మాగ్నెట్ బేస్ కింద అంటాను, ఎందుకంటే ఇనుముకి ఉత్తరం దక్షిణం పట్టింపు లేదు, ఎలా పెట్టినా అంటుకుంటుంది. రబ్బరు మాగ్నెట్ షీట్ మీద ఇంకో రబ్బరు మాగ్నెట్ షీట్ పెట్టి చూడు, ధ్రువాలు చారలు చారలుగా ఉంటాయి కాబట్టి ఎక్కడ పెట్టావో అక్కడ ఆగదు, చారకి సర్దుకుని ఇటో అటో గెంతుతుంది, వరస తిన్నగా నిలబెట్టడం నీ తరం కాదు. రేకు కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక మాగ్నెట్ వేసుకెళ్లు. స్టెయిన్‌లెస్ స్టీల్లో చాలా రకాలకి అది అంటుకోదు, అల్యూమినియానికి అసలే అంటుకోదు. గాల్వనైజ్డ్ ఇనుప రేకు అయితే తుప్పు భయం కూడా తక్కువ. అంచులు మాత్రం ఆకురాయితో రుద్ది, చుట్టూ టేప్ వెయ్యి, లేకపోతే చేతులు కోసుకుంటావు.

కింద బోలుగా ఉండే ప్లాస్టిక్ బేసులకి చిన్నవైనా గట్టిగా పట్టే నియోడైమియం మాగ్నెట్లు వాడు. 25 మి.మీ. బేస్ మీద ప్లాస్టిక్ సైనికుడికి 5 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్నది ఒక్కటి చాలు. మెటల్ గుర్రపు రౌతుకి రెండు, అవీ 2 మి.మీ. మందానివి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. మాగ్నెట్‌ని బేస్ లోపలి పైకప్పుకి అంటించేస్తారు, అది రేకుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో వేలాడుతూ ఉంటుంది, ఆ కాస్త సందుకే పట్టు బాగా పడిపోతుంది. మాగ్నెట్ బేస్ అంచుతో సమానంగా కిందికి ఉండాలి. రేకు మీద బేకింగ్ పేపర్ ముక్క పరిచి, దాని మీద మాగ్నెట్ పెట్టు, అది రేకుని కరుచుకుని కదలకుండా కూర్చుంటుంది. బేస్ లోపల ఎపాక్సీ పుట్టీ ఉండ ఒకటి అద్ది, తిన్నగా మాగ్నెట్ మీదకి దించి అంచు రేకుకి ఆనేదాకా నొక్కు. పుట్టీ గట్టిపడ్డాక తీస్తే మాగ్నెట్ ఎంత సమానంగా వస్తుందంటే వేలితో తడిమినా తెలీదు. సాయంత్రం కూర్చుంటే ఒక పటాలం అయిపోతుంది, పాటలు పెట్టుకుని చేసుకో. ఇంకోటి, ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఈ మాగ్నెట్లు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి దాచు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదకి తెస్తాయి, ఈ ఒక్క విషయంలో నేను టెన్షన్ పడతాను, నువ్వూ పడు.

ఫోమ్ ట్రేలు వద్దా అంటే, పూర్తిగా వద్దనను. రెక్కలు చాపిన డ్రాగన్లూ, ఏ డబ్బాలోనూ నిలబడని వంకర బొమ్మలూ ఉంటాయి కదా, వాటికి ఫోమే గతి. కానీ రంగు వేసిన బొమ్మని ఫోమ్ గుంటలోకి దించిన ప్రతిసారీ ఈటె కొనా, కత్తి మొనా, మోచెయ్యీ రాసుకుంటాయి. పైగా ఫోమ్ శాశ్వతం కాదు. పాలీయురెథేన్ ఫోమ్ గాల్లో తేమకి ఏళ్ల మీద కరుగుతుంది, ముందు పసుపుపచ్చగా అవుతుంది, తర్వాత పొడి పొడిగానో జిగురు జిగురుగానో తయారవుతుంది. నా దగ్గర ఒక బ్యాగ్ ఎనిమిదేళ్లు తెరవకుండా అటక మీద ఉండిపోయింది. తెరిస్తే హుస్సార్‌ల, అంటే తేలికపాటి గుర్రపు దళం వాళ్ల, గుర్రాల కాళ్ల మధ్య, జీనుల కింద, కళ్లేల చుట్టూ ఆ జిగురు ముద్ద. టూత్‌పిక్‌తో ఒక్కో గుర్రానికి ఇరవై నిమిషాలు పట్టింది, ముప్పై గుర్రాలు. ఫోమ్ వాడితే వాడు, ఏడాదికోసారి తెరిచి వేలితో నొక్కి చూడు, నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతే దాని పని అయిపోయిందని అర్థం.

డబ్బా ఎంత ఎత్తు ఉండాలో బొమ్మ సైజు చూసి కొనకు. 28 మి.మీ. అంటే ఎక్కువమంది పాదం నుంచి కంటి దాకా కొలిచిన లెక్క, టోపీ, జెండా, ఎత్తిన కత్తి అందులో లేవు. అదే సైజు సైనికుడి చేతిలో పైక్ అనే పొడుగు ఈటె ఒక్కటే 100 మి.మీ. ఉంటుంది. నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పొడుగు జెండా పట్టుకున్నవాణ్ణి స్కేలు పక్కన నిలబెట్టి కొలిచి, ఒక సెంటీమీటరు కలుపు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలు, మూత గట్టిగా పట్టేవి, గోడలు నిటారుగా ఉండేవి చూసుకో. కిందికి సన్నబడే డబ్బాల్లో అడుగున చోటు పోతుంది, రేకు కొయ్యడమూ నరకం. ఒకే రకం డబ్బా, రెండు ఎత్తులు, అంతకుమించి వద్దు. పెద్ద డబ్బా కొంటే చవక పడుతుందనే ఆశ కూడా వద్దు, మెటల్ బొమ్మలు వంద చేరితే రెండు మూడు కిలోలు ఇట్టే దాటతాయి, దానికి రేకు బరువు కూడా కలుపుకో, బరువు డబ్బా చేతిలోంచి జారిందంటే ఆ చప్పుడు జన్మలో మర్చిపోలేవు.

ఇప్పుడు అసలు సర్దుడు. నువ్వు కంపెనీ పేర్లని బట్టి సర్దావు, అది అంగడివాడి పద్ధతి. ఆడేవాడి పద్ధతి వేరు: ఏవి కలిసి బయటికి వస్తాయో అవి కలిసి లోపల ఉండాలి. ముందు సైజు, తర్వాత కాలం, తర్వాత సైన్యం, ఆ తర్వాత పటాలం. 15 మి.మీ. వాటినీ 28 వాటినీ ఒకే డబ్బాలో పెట్టకు, చిన్నవి పెద్దవాటి కింద నలుగుతాయి. పదిమందితో ఆడే చిన్న ఆటలైతే ముఠాకి ఒక డబ్బా, వాళ్ల పాచికలు, కార్డులు, టోకెన్లు అన్నీ అందులోనే, డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయేట్టు ఉండాలి. సేనాపతుల్ని విడిగా దాచకు. నేను ఒకప్పుడు అందమైనవాళ్లందరినీ ఏరి ఒకే డబ్బాలో పెట్టుకున్నాను, చూడ్డానికి ముచ్చటగా ఉండేది, కానీ ప్రతి ఆటకీ రెండు డబ్బాలు తెరవాల్సి వచ్చేది, ఒకసారి ఏకంగా జనరల్ లేకుండానే సైన్యాన్ని స్నేహితుడి ఇంటికి మోసుకెళ్లి, ఆట మొత్తం ఒక గుండీని జనరల్ అనుకుని ఆడాం.

డబ్బా మీద పేరు రాయకు, నంబరు వెయ్యి. లోపలి సరుకు మారుతుంది, నంబరు మారదు. పొట్టి వైపు వెయ్యి, అరలో పెట్టాక కనపడేది అదే. స్ప్రెడ్‌షీట్‌లో డబ్బా నంబరు, సైజు, సైన్యం, పటాలం, ఎన్ని, రంగులు పూర్తయ్యాయా లేదా, ఇంతే, ఎక్కువ కాలమ్‌లు పెడితే నెల తర్వాత నింపడం మానేస్తావు. మూత తీసి పైనుంచి ఫొటో ఒకటి తీసి ఆ నంబరుతో దాచు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి డబ్బాలో ఒక అట్టముక్క మీద ఆ సైన్యానికి ఏ రంగులు వాడావో రాసి పెట్టు: ప్రైమర్ (రంగుకి ముందు పూసే పూత) ఏది, కోటుకి ఏ నీలం, వాష్ (ముడతల్లో నీడకి వేసే పల్చటి రంగు) ఏది, బేస్ మీద ఏ ఇసుక, ఏ గడ్డి. ఆరేళ్ల తర్వాత ఇంకో ఎనిమిది మందిని కలుపుదామని కూర్చుంటే ఆ నీలం ఏదో బుర్రకి తట్టదు. నా పటాలం ఒకదానిలో వెనక వరస మొత్తం వేరే దేశం వాళ్లలా ఉంటుంది, అందుకే వాళ్లెప్పుడూ వెనక వరసే.

పాత మెటల్ బొమ్మలు కొన్ని ఉన్నాయన్నావు, వాటిని విడిగా చూడాలి. 1893లో బ్రిటన్స్ కంపెనీ బోలు సీసపు సైనికుల్ని పోత పోయడం మొదలుపెట్టి 1966 దాకా చేసింది, ఆటల బొమ్మల్లో కూడా 1990ల మొదటి దాకా సీసం బాగానే ఉండేది. సీసానికి పడనిది ఆమ్లపు ఆవిరి. కొన్ని చెక్కలు, ముఖ్యంగా ఓక్, ఎసిటిక్ ఆమ్లం వదులుతూ ఉంటాయి, మూసిన అరలో అది తగిలి తగిలి సీసం మీద తెల్లటి పొడి పుడుతుంది, అది లెడ్ కార్బొనేట్. రంగు కింద బుడిపెల్లా లేచి, చివరికి బొమ్మని తినేస్తుంది. అలాంటిది కనపడితే ఊదకు, బ్రష్‌తో దులపకు, తడిగుడ్డతో తుడిచి మిగతావాటికి దూరంగా పెట్టి చేతులు కడుక్కో. సీసపువాటిని చెక్క సొరుగులో కాకుండా మెటల్ అరలోనో గాజు అరలోనో ఉంచు. రెజిన్ బొమ్మలకి వేడి పడదు, ఎండలో కారులో వదిలేస్తే ఈటెలు వానపాముల్లా వంగుతాయి. వేడినీళ్లలో ముంచి తిన్నగా చేసి చన్నీళ్లలో పెడితే సర్దుకుంటుంది కానీ రంగు సంగతి నీ అదృష్టం. 1/72 స్కేలు (అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు) మెత్తటి ప్లాస్టిక్ వాటిని వంచితే రంగు పెళ్లలుగా లేస్తుంది, అవి అసలు ఒకదానికొకటి తగలకూడదు.

వార్నిష్ వెయ్యకుండా ఏ బొమ్మనీ డబ్బాలో పెట్టకు. ముందు మెరిసే గ్లాసీ వార్నిష్, అది గట్టిది, దాని మీద మెరుపు లేని మ్యాట్, అది మెరుపు చంపుతుంది. గాల్లో తేమ ఎక్కువున్న రోజు మ్యాట్ స్ప్రే కొడితే తెల్లటి మంచు పట్టినట్టు అవుతుంది, తొందరపడకు. డబ్బాకో సిలికా జెల్ పొట్లం వెయ్యి.

ఇక నీ బీరువా. కొనుక్కో, కానీ నచ్చిన యాభై బొమ్మలకి మాత్రమే, అప్పుడప్పుడు మారుస్తూ ఉండు. కిటికీ ఎదురుగా వద్దు, ఎండకి ఎరుపులు ముందు వెలిసిపోతాయి. గాజు తలుపుల సందుల్లోంచి దుమ్ము ఎలాగూ వస్తుంది, మేకప్ బ్రష్ లాంటి మెత్తటిదానితో పైనుంచి కిందికి దులుపు. అరలు పార్టికల్ బోర్డువైతే మెటల్ సైన్యం బరువుకి మధ్యలో కుంగుతాయి, అడుగున ఇంకో ఆధారం పెట్టించు.

ఈ ఆదివారం అన్నీ ముందేసుకుని కూర్చోకు. ఒక్క డబ్బా, ఒక్క పటాలం, అదీ నీకు పెద్దగా ఇష్టం లేనిది తీసుకో. మాగ్నెట్లు వేసి, రేకు పరిచి, నిలబెట్టి, మూత వేసి పక్కకి వంచు, తర్వాత కింద దిండు పెట్టి బోర్లించి చూడు. ఎవడు పడ్డాడో వాడికి ఇంకో మాగ్నెట్ వెయ్యి. అందరూ నిలబడ్డాక రెండో డబ్బా. విరిగిన ముక్కలకి మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి పెట్టుకుని, ప్రతి ముక్కనీ చిన్న కవర్లో వేసి అది ఏ నంబరు డబ్బాలోదో రాయి. నువ్వు పంపిన ఐదో ఫొటోలో ఎడమ పక్క అట్టపెట్టె మూలన టిష్యూ కింద సగం జెండా కర్ర కనపడుతోంది, చెత్త అనుకుని ఊడ్చెయ్యకు, దాని మిగతా సగం మూడో ఫొటోలో వాడి చేతిలో ఉంది.

మావయ్య