చెంచా వెనక ‘ప్యూర్ కాయిన్’, రసీదులో ‘స్టెర్లింగ్’: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. పోయిన నెల ఒక యాంటిక్ షాపులో 6 వెండి టీస్పూన్లు 540 డాలర్లకి కొన్నాను. రసీదులో ‘స్టెర్లింగ్, బోస్టన్ తయారీ, 1790’ అని రాశారు. చెంచాల వెనక ఒక పేరు, పక్కన ప్యూర్ కాయిన్ అని ముద్ర ఉంది. తెలిసిన జ్యువెలర్ ఇది స్టెర్లింగ్ కాదన్నాడు. షాపాయన ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టు) అమ్మాం, వెనక్కి తీసుకోం అంటున్నాడు. ఏదైనా దారి ఉందా?

జవాబు: ఉందండీ, గట్టిగానే ఉంది, కానీ మీరు పట్టుకున్న పాయింట్ మాత్రం చిన్నది. స్టెర్లింగ్ అంటే వెయ్యిలో 925 పాళ్లు వెండి, కాయిన్ అంటే 1837 నుంచి అమెరికా నాణేల లెక్క ప్రకారం 900, అంతకుముందు సుమారు 892, అంటే వెండి ధర మీద మీకు పోయింది కొంచెమే. అసలు డబ్బంతా ఆ ‘1790, బోస్టన్’ అనే రెండు మాటల్లో ఉంది. కాయిన్, ప్యూర్ కాయిన్, డాలర్ లాంటి ముద్రలు బాగా కనపడేది 1830 ప్రాంతం నుంచి, 18వ శతాబ్దం చెంచాల మీద మామూలుగా చిన్న గడిలో కంసాలి ఇనిషియల్సో ఇంటిపేరో ఉండేది అంతే. కాబట్టి ఆ ముద్రే రసీదుకి ఎదురు సాక్ష్యం చెప్తోంది.

ఇంకోటి, వెనకున్న పేరు చేసినవాడిదే అని అనుకోకండి. ఒకచోట చేసిన చెంచాల మీద అమ్మే షాపు పేరు కొట్టించడం ఆ రోజుల్లో మామూలే. కాడ ముందు వైపు అందంగా చెక్కిన అక్షరాలు ఉంటే అవి సొంతదారు ఇనిషియల్స్. గద్ద, నక్షత్రం, తలకాయ బొమ్మలుంటే అవి ఇంగ్లండ్ ముద్రల్లా కనపడాలని కొట్టినవి, వాటికి ఏ సర్కారు పరీక్షా లేదు. మనకి హాల్‌మార్క్ అనగానే బీఐఎస్ గుర్తొస్తుంది కదా, అమెరికాలో అలాంటి పరీక్ష ఆఫీసు 1814 నుంచి 1830 దాకా ఒక్క బాల్టిమోర్‌లోనే నడిచింది. వెండి, బంగారం మీద కొట్టే ముద్రల గురించిన స్టాంపింగ్ చట్టం 1906లో వచ్చింది, అది తర్వాత తయారైన వాటికే, అందుకని ముద్ర మీద కేసు నిలబడదు, రసీదు మీద నిలబడుతుంది.

అమ్మేవాడు వస్తువు ఫలానాది అని రసీదులో రాస్తే అది వారంటీయే, కింద యాజ్ ఈజ్ అని రాసినంత మాత్రాన పైన రాసిన వివరం చెరిగిపోదు. న్యూజెర్సీ కన్స్యూమర్ ఫ్రాడ్ చట్టం కింద అబద్ధపు వివరం రాస్తే, తెలియక రాశాను అన్నా వ్యాపారి తప్పించుకోలేడు, మీ నష్టం రుజువైతే దానికి మూడింతలు, లాయర్ ఫీజు కూడా రావచ్చు. ‘బోస్టన్‌దై ఉండొచ్చు’ అని రాసుంటే మాత్రం మన వాదన బాగా బలహీనపడేది.

ముందు ముద్రల ఫోటోలు దగ్గర నుంచి తీయండి. పాలిష్ పెట్టి రుద్దకండి, యాసిడ్ టెస్ట్ అసలొద్దు, గీత పడితే విలువా పోతుంది సాక్ష్యమూ పోతుంది, ఎక్స్‌రే మెషీన్‌తో చూసే చోట చేయించండి. పాత వెండి తెలిసిన అప్రైజర్ (విలువ కట్టేవాడు) దగ్గర ఇవి నిజంగా ఏ కాలంవి, ఎంత చేస్తాయి అని రాయించుకోండి, మీ నష్టం లెక్క దాన్నుంచే వస్తుంది. తర్వాత షాపుకి లెటర్ పంపండి, సర్టిఫైడ్ మెయిల్లో, ఈ వారంలోనే. దావాకి మామూలుగా నాలుగేళ్లు టైమున్నా, లోపం తెలిశాక ఆలస్యం లేకుండా చెప్పకపోతే వారంటీ హక్కే పోతుంది. లెటర్‌కి జవాబు రాకపోతే స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాల కోర్టు)లో వేసేయండి, 5,000 డాలర్ల దాకా అక్కడే తేలుతుంది, లాయర్ లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. రసీదు ఒరిజినల్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, షాపాయన అడిగినా కాపీయే ఇవ్వండి.